మీకు తెలుసా? పైరు చదువుతో స్టేట్ బ్యాంకు పీఠం దాకా

● స్టేట్ బ్యాంకు చైర్మన్ చల్లా శ్రీనివాసులు శెట్టి డిగ్రీలో చదివింది కామర్సు కాదు, ఎకనామిక్సూ కాదు, వ్యవసాయం. ఈ సంగతి మీకు తెలుసా? ఊరు జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు మండలం పెద్దపోతులపాడు. కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డ అని పిలుచుకునే సీమ అది. అక్కడా పత్తే, అక్కడా మిరపే. మన అద్దంకి రైతు ఆ పొలాల గట్టు మీద నిలబడితే పరాయి ఊరికి వచ్చానని అనుకోడు.

● ఆయన బీఎస్సీ అగ్రికల్చర్ చేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్ కాలేజీలో. అప్పట్లో ఆ కాలేజీ, మన బాపట్ల వ్యవసాయ కాలేజీ రెండూ ఒకే విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 1964లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయానికి తర్వాత నిడుబ్రోలు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. బాపట్ల కాలేజీ అంతకంటే పాతది, 1945 నాటిది. రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ కాలేజీ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోకి వెళ్లింది, మన విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాం చేరింది. లాం ఫారం అంటే మిర్చి రైతుకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు, ఎల్‌సీఏ 334 పుట్టింది అక్కడే. ఈ లెక్కన బాపట్లలో అగ్రికల్చర్ చదువుతున్న అద్దంకి పిల్లలు, దేశంలోకెల్లా పెద్ద బ్యాంకును నడిపే మనిషి ఒకే గూటి విద్యార్థులు. ఆ పిల్లలకు ఈ మాట ఎవరైనా చెబుతున్నారా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

● శెట్టి స్టేట్ బ్యాంకులో చేరింది 1988లో, ప్రొబేషనరీ ఆఫీసరుగా. మనవాళ్లు పీఓ అంటారే, అదే. చైర్మన్ అయింది 2024 ఆగస్టు 28న. మధ్యలో 36 ఏళ్లు. బయటి నుంచి నేరుగా వచ్చి పైన కూర్చోవడం కాదు, ఒక్కో మెట్టే ఎక్కడం.

ఆ మెట్లు ఎన్నో తెలుసా? ఈనాటి పేర్లతో లెక్కపెడితే పదకొండు. అసిస్టెంట్ మేనేజర్‌తో మొదలు. దాన్నే బ్యాంకువాళ్లు స్కేల్ వన్ అంటారు. తర్వాత డిప్యూటీ మేనేజర్, మేనేజర్, చీఫ్ మేనేజర్. ఆపైన ఏజీఎం, డీజీఎం, జీఎం. జీఎంతో స్కేల్ సెవెన్ అయిపోతుంది. దాని పైన సీజీఎం, డిప్యూటీ ఎండీ, ఎండీ, చివరికి చైర్మన్. మన బజారు బ్రాంచిలో క్యాబిన్‌లో కూర్చుని సంతకాలు పెట్టే మేనేజరు గారు ఈ నిచ్చెనలో మూడో మెట్టు దగ్గరో నాలుగో మెట్టు దగ్గరో ఉంటారు. ఈ దారిలో గ్రామీణ, అర్ధ పట్టణ శాఖల్లో పనిచేయడం కూడా ఒక భాగం. అందుకే ఎక్కడెక్కడి ఉత్తరాది కుర్రాళ్లో వచ్చి మన కౌంటర్ల వెనక కూర్చుని తెలుగు నేర్చుకుంటూ కనిపిస్తారు. వాళ్లలో ఎవరు రేపు ఎంతవాళ్లవుతారో ఈ రోజు చెప్పలేం.

శెట్టి ఒక్కరే ఇలా ఎదిగారనుకోవద్దు. ఆయనకు ముందు చైర్మన్‌గా చేసిన దినేశ్ కుమార్ ఖారా 1984లో పీఓ. అంతకుముందు రజనీశ్ కుమార్ 1980లో పీఓ. స్టేట్ బ్యాంకు తొలి మహిళా చైర్మన్ అరుంధతీ భట్టాచార్య 1977లో పీఓ. నలుగురిదీ ఒకే గుమ్మం. ఏదైనా డిగ్రీ ఉండి, పరీక్ష రాసి గెలిచినవాళ్లకు తెరిచే గుమ్మం అది. ఇంతమందికి ఇంత సమానంగా తెరుచుకునే పెద్ద తలుపులు మన దేశంలో మరీ ఎక్కువ లేవు. ఈ విషయంలో స్టేట్ బ్యాంకును మెచ్చుకోవాల్సిందే.

● ఉద్యోగం వచ్చాక చదువు ఆగిపోతుందనుకుంటే పొరపాటు. బ్యాంకువాళ్లకు వాళ్ల పరీక్షలు వేరే ఉన్నాయి. 1928లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకర్స్ పేరుతో మొదలైన సంస్థ పెట్టే సీఏఐఐబీ అందులో పెద్దది. శెట్టి అది పూర్తిచేశారు. పాసైతే జీతంలో ఇంక్రిమెంట్లు కలుస్తాయి. పగలంతా కౌంటరు, రాత్రి పుస్తకం అన్నమాట.

● ఆయన చేసిన పోస్టుల వరుస చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఇండోర్ కమర్షియల్ బ్రాంచిలో డీజీఎం. న్యూయార్క్ శాఖలో సిండికేషన్ విభాగానికి అధిపతి. సిండికేషన్ అంటే ఒక పెద్ద అప్పును ఒక్క బ్యాంకే నెత్తిన వేసుకోకుండా కొన్ని బ్యాంకులు కలిసి పంచుకోవడం. తర్వాత దేశంలోని భారీ కంపెనీల ఖాతాలు చూసే కార్పొరేట్ అకౌంట్స్ గ్రూపులో జీఎం, సీజీఎం. అంటే అప్పు ఇవ్వడం ఎలాగో అన్ని ఎత్తుల్లోనూ చూశారు. ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష: ఇచ్చిన అప్పు రాబట్టడం. డిప్యూటీ ఎండీగా ఆయనకు అప్పగించింది మొండి బాకీల విభాగం.

ఆ రోజులు గుర్తుచేసుకోండి. 2018 మార్చి నాటికి స్టేట్ బ్యాంకు ఇచ్చిన ప్రతి 100 రూపాయల్లో 10 రూపాయల 91 పైసలు మొండి బాకీ. ఆ ఏడాది బ్యాంకుకు 6,547 కోట్ల నష్టం. ఉక్కు, కరెంటు, రోడ్ల కంపెనీలు వేల కోట్లు తీసుకుని చేతులెత్తేసిన కాలం. 2016లో దివాలా చట్టం వచ్చాక బ్యాంకుల చేతికి ఒక కర్ర దొరికింది. బాకీ కట్టని యజమాని చేతిలోంచి కంపెనీనే తీసి వేరేవాళ్లకు అమ్మే వీలు కలిగింది. 2019 చివర్లో ఎస్సార్ స్టీల్ ఆర్సెలార్ మిట్టల్ చేతికి వెళ్లినప్పుడు అప్పిచ్చినవాళ్లకు 40 వేల కోట్లకు పైగా తిరిగొచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాలకే, 2020 జనవరిలో, శెట్టి ఎండీ అయ్యారు.

2025 మార్చికి అదే బ్యాంకులో మొండి బాకీ 100కి 1 రూపాయి 82 పైసలు. ఆ ఏడాది లాభం 70,901 కోట్లు. ఇది ఒక్క మనిషి గొప్పతనం కాదు. వరుసగా ముగ్గురు చైర్మన్ల కాలం, కొత్త చట్టం, వేల మంది ఉద్యోగుల పని ఇందులో ఉన్నాయి. రైట్ ఆఫ్‌ల పాత్ర కూడా తక్కువ కాదు. పాత బాకీలకు లాభాల్లోంచి డబ్బు పక్కన పెట్టి, ఖాతా పుస్తకంలోంచి తీసేశారు. రైట్ ఆఫ్ అంటే మాఫీ అని మన రచ్చబండల మీద గట్టిగా వాదించుకుంటారు, అది నిజం కాదు. పుస్తకంలో లెక్క మారుతుంది గానీ బాకీదారు కట్టాల్సింది కట్టాల్సిందే, వసూలు నడుస్తూనే ఉంటుంది. అయితే పెద్ద కంపెనీ బాకీలో వచ్చేది ఎంత, పోయేది ఎంత అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. రెండెకరాల రైతు ఇంటికి నోటీసు వచ్చినప్పుడు ఆ ప్రశ్న అడిగే హక్కు అతనికి ఉంది.

● మొండి బాకీ అని ఎప్పుడంటారు? మామూలు అప్పు అయితే కట్టాల్సిన తేదీ దాటి 90 రోజులు గడిస్తే ఎన్‌పీఏ. పంట అప్పుకు ఆ లెక్క లేదు. మిరప, పత్తి, శనగ లాంటి పైర్లకు రెండు పంట కాలాలు, ఏడాదికి మించి పట్టే పైర్లకు ఒక పంట కాలం దాటాలి. ఒక పంట పోతే రెండో పంటతో నిలదొక్కుకోవచ్చన్న ఆలోచన అందులో ఉంది. చాలామంది రైతులకు ఈ తేడా తెలియదు, తెలియక భయపడి ఎక్కడెక్కడో అప్పు తెచ్చి కడతారు.

వడ్డీ రాయితీ లెక్క మాత్రం వేరు, దాంతో దీన్ని కలపకండి. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవాళ్లకు 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. గడువు దాటిందా, ఆ రాయితీ పోయినట్టే. అందుకే రెన్యూవల్ రోజుల్లో బ్యాంకు ముందు ఆ హడావిడి. పాస్‌బుక్కు, ఆధార్, 1బి, అడంగల్ నకళ్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, మెడకు కండువా వేసుకుని మెట్ల మీద కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. చేతిలో అసలు ఉండదు. తెలిసిన వ్యాపారి దగ్గర రోజు వడ్డీకి తెచ్చి పొద్దున అప్పు కట్టి, కొత్త లోను ఖాతాలో పడగానే సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తారు. ఆ ఒక్క రోజుకు కట్టే వడ్డీ పావలా కాదు, అర్ధా కాదు. ఏటా ఇదే తంతు. వ్యవసాయం చదివిన మనిషి చైర్మన్‌గా ఉన్న రోజుల్లోనైనా ఈ ఒక్క రోజు అప్పు బెడద తప్పించే దారి బ్యాంకులు చూడాలి. ఇది చిన్న కోరిక, తీర్చగలిగిన కోరిక.

● ఎన్‌పీఏ అన్న కొలతబద్దనే మన బ్యాంకుల్లోకి తెచ్చింది ఒక తెలుగువాడి కమిటీ. ఆయన మైదవోలు నరసింహం. ఇంటిపేరు చూడండి: నరసరావుపేట దగ్గర మైదవోలు అనే ఊరుంది, పల్లవ రాజు శివస్కందవర్మ రాగిరేకులు దొరికిన ఊరు. నరసింహం రిజర్వ్ బ్యాంకు ఎకనామిక్ డిపార్ట్‌మెంటులో రీసెర్చ్ ఆఫీసరుగా చేరి, 1977లో అదే రిజర్వ్ బ్యాంకుకు గవర్నరయ్యారు. సొంత కేడర్ నుంచి ఎదిగి గవర్నరైన తొలి వ్యక్తి ఆయనే. ఆ పదవిలో ఉన్నది ఏడు నెలలే. చేసిన పని మాత్రం తరాలు నిలిచింది.

1991లో దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటినప్పుడు ఫైనాన్షియల్ వ్యవస్థ మీద ఆయన అధ్యక్షతన కమిటీ వేశారు. అంతకుముందు వసూలు కాని వడ్డీని కూడా బ్యాంకులు లాభంగా రాసుకునేవి. అది ఆపమన్నారు. రాని బాకీని రాని బాకీగానే చూపమన్నారు. డిపాజిట్లలో 38.5 శాతం సర్కారు బాండ్లలో పెట్టాలన్న నిబంధనను 25కు దించమన్నారు. కొత్త ప్రైవేటు బ్యాంకులకు తలుపు తీయమన్నారు. బాకీల వసూలుకు వేరే ట్రిబ్యునళ్లు కావాలన్నారు, 1993లో ఆ చట్టం వచ్చింది. 1998లో మరో కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. 2000లో పద్మవిభూషణ్. 2021 ఏప్రిల్‌లో కరోనాతో హైదరాబాద్‌లో కన్నుమూశారు, ఆ ఉధృతిలో చాలామందికి ఆ వార్త కూడా అందలేదు.

ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోవాలని లేదు. వ్యవసాయం వంటి ప్రాధాన్య రంగాలకు ఇచ్చే 40 శాతం వాటాను 10కి తగ్గించమన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, మన మేలుకే. కానీ ఇదే నరసింహం 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టాలని చెప్పిన వర్కింగ్ గ్రూపుకు కూడా అధ్యక్షుడు! ఆ ఏడాది అక్టోబరు 2న మొదటి గ్రామీణ బ్యాంకులు తెరుచుకున్నాయి. మన వైపు ప్రగతి బ్యాంకు అని పిలుచుకున్నది ఆ వంశంలోదే. 2025 మే 1న అది, చైతన్య గోదావరి, సప్తగిరి, వికాస్ గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి.

● రిజర్వ్ బ్యాంకు గవర్నర్లలో తెలుగువాళ్లు ముగ్గురు. నరసింహం, కడప జిల్లా వై.వి. రెడ్డి, ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. చివరి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు, 2003 నుంచి 2013 దాకా పదేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. ఇద్దరూ ఐఏఎస్‌లు.

● ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఒక డాక్టరు. బందరులో ప్రాక్టీసు చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినా పల్లెల్లో ఇంకా ఆంధ్రా బ్యాంకనే అంటున్నారు.

● స్టేట్ బ్యాంకు పుట్టుకే రైతు అప్పు మీద జరిగిన ఒక సర్వే పుణ్యం. 1951-52లో దేశమంతటా గ్రామీణ రుణాల సర్వే చేస్తే రైతుల అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా 1 శాతం కూడా లేదని తేలింది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం షావుకారు, కమీషన్ వ్యాపారి, బంధువు. అందుకే ఇంపీరియల్ బ్యాంకును తీసుకుని 1955 జులై 1న స్టేట్ బ్యాంకుగా మార్చారు. అయిదేళ్లలో 400 కొత్త శాఖలు పెట్టాలన్న లక్ష్యమూ ఇచ్చారు. ఈనాడు శాఖలు 22,500కు పైమాటే, ఖాతాదారులు 50 కోట్లకు పైనే. మరో తేడా కూడా ఉంది. మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో అసలు అధికారం ఎండీ, సీఈఓది. స్టేట్ బ్యాంకులో మాత్రం చైర్మనే రోజువారీ యజమాని. ఆయన కింద నలుగురు ఎండీలు. ఆ నలుగురిలోంచే తర్వాతి చైర్మన్ రావడం ఆనవాయితీ.

● జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి అంతా ఒక్కసారే గుంటూరు యార్డు చేరుతుంది. ధర పడిపోతుంది. చేతిలో డబ్బు లేని రైతు తెచ్చిన టిక్కీలు తెచ్చినట్టే తెగనమ్ముతాడు. కాస్త ఓపిక ఉన్నవాడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు తీసుకుంటాడు. ఆ రసీదు మీద బ్యాంకు అప్పు ఇస్తుందని తెలుసా? దీనికి 2007లోనే గిడ్డంగుల చట్టం వచ్చింది. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతుకు పంట కోశాక ఆరు నెలల దాకా పంట రుణం వడ్డీకే ఆ అప్పు దొరుకుతుంది. గిడ్డంగి మాత్రం కేంద్ర నియంత్రణ సంస్థలో నమోదై ఉండాలి. టిక్కీలు దించే ముందే ఆ మాట అడగండి. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల మద్దతు ప్రకటించాల్సి వచ్చిన ఏడాది ఎవరూ మర్చిపోలేదు. అలాంటి ఏడాది ఈ రసీదు విలువ తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా వినండి. 2025 జనవరి 1 నుంచి ఏ తాకట్టూ లేకుండా ఇచ్చే పంట రుణం పరిమితి 1 లక్షా 60 వేల నుంచి 2 లక్షలకు పెరిగింది. కౌలు రైతుకు మాత్రం ఇవన్నీ అందని ద్రాక్షే. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు పత్రం, అంటే సీసీఆర్‌సీ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమానికి భయం. అద్దంకి చుట్టుపక్కల పొలం దున్నేవాళ్లలో కౌలుదార్లు ఎంతోమంది. వాళ్ల చేతికి బ్యాంకు అప్పు అందనంతకాలం 1951 సర్వేలో కనిపించిన షావుకారు ఊళ్లోంచి కదలడు.

● ఇక పిల్లల సంగతి. స్టేట్ బ్యాంకు పీఓ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 21 నుంచి 30. బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. క్లర్కు స్థాయి జూనియర్ అసోసియేట్ ఉద్యోగానికి స్థానిక భాష వచ్చి తీరాలి. అక్కడ మనవాళ్లకు తెలుగే బలం. క్లర్కుగా చేరినవాళ్లు లోపలి పరీక్షలు రాసి ఆఫీసర్లు కావచ్చు. అగ్రికల్చర్ బీఎస్సీ చేసినవాళ్లకు మరో దారి ఉంది. ఐబీపీఎస్ ఏటా పెట్టే స్పెషలిస్టు పరీక్షలో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు వాళ్లు అర్హులు. ఆకుముడత వచ్చిన మిరప తోటను చూసి, ఈ రైతు ఎందుకు కట్టలేకపోయాడో పొలంలోనే పసిగట్టగల ఆఫీసరు మన బ్రాంచిలో ఉంటే రైతుకూ మేలు, బ్యాంకుకూ మేలు.

మీ ఇంట్లో, మీ వీధిలో బాపట్లలోనో మరెక్కడో వ్యవసాయ డిగ్రీ చదువుతున్న పిల్లో పిల్లాడో ఉంటే పెద్దపోతులపాడు నుంచి వచ్చిన ఈ మనిషి సంగతి చెప్పండి. నోటిఫికేషన్ పడగానే దగ్గరుండి దరఖాస్తు పెట్టించండి. ముఖ్యంగా ఆడపిల్లలతో పెట్టించండి.